కాలిన్ కౌంటీలో ఇల్లు కొనే ముందు ప్రకృతి విపత్తుల రిస్క్ ఎలా చూసుకోవాలి?

తూర్పుగుమ్మం:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో, కాలిన్ కౌంటీలోని మెకిన్నీలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. లీజు అయ్యేలోపు సొంతిల్లు కొనుక్కోవాలని తిరుగుతున్నాం. విల్సన్ క్రీక్ వైపు ఒక పాత ఇల్లు ఇంట్లో అందరికీ నచ్చింది. తూర్పు ముఖం, పిల్లలు నడిచి వెళ్ళేంత దగ్గరలో స్కూలు, పెరటి కంచె దాటితే గ్రీన్‌బెల్ట్. ఆ చెట్ల వెనకాల వాగు.

ఆఫర్ పెడదాం అనుకుంటుండగా మావారు ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వాళ్ళ నేషనల్ రిస్క్ ఇండెక్స్ తెరిచి కౌంటీ పేరు కొట్టారు. వడగళ్ళకీ టోర్నడోలకీ రేటింగ్ బాగా పైనే ఉంది. అది చూసి "ఇలాంటి చోట ముప్పై ఏళ్ళ అప్పు నెత్తిన పెట్టుకుంటామా?" అని ఆగిపోయారు. రియల్టర్ని వరద రిస్క్ గురించి అడిగితే "ఇది జోన్ ఎక్స్ అండీ, ఫ్లడ్ ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరి మాట పట్టుకోవాలో అర్థం కావడం లేదు.

మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మోకాళ్ళ నొప్పులు, గబగబా కదల్లేరు. డబ్బు సంగతి ఎలాగోలా చూసుకుంటాం గానీ, రాత్రిపూట టోర్నడో వస్తే ఆవిడను ఎక్కడికి తీసుకెళ్ళాలి అన్నదే నా టెన్షన్. ఈ కౌంటీలో ఇల్లు కొన్నవాళ్ళు అసలు ఏమేం చూశారు, దేన్ని నమ్మారు, దేన్ని పక్కన పెట్టారు? దయచేసి చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న:

ఎక్కడికి పోయినా ఏదో ఒకటి తప్పదండి. కాలిఫోర్నియాలో భూకంపాలు, కార్చిచ్చులు, ఫ్లోరిడాలో హరికేన్లు. రేటింగ్ చూసి ఇల్లు వదులుకోవద్దు, ఇన్సూరెన్స్ గట్టిది తీసుకోండి.

అందరూ టోర్నడో గురించే అడుగుతారు గానీ 2021 ఫిబ్రవరిలో మమ్మల్ని ఏడిపించింది చలి. డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్ వర్త్)లో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పడిపోయింది. కరెంటు లేదు. అటకలోంచి వెళ్ళే నీళ్ళ పైపు పగిలి సీలింగు తడిసి ఊడి పడింది. రాష్ట్రం లెక్క ప్రకారం ఆ చలి తుఫానులో టెక్సస్‌లో 246 మంది చనిపోయారు. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, పైపులు అటకలోంచి వెళ్తున్నాయేమో ఇన్‌స్పెక్టర్ని అడగండి. పెద్దావిడ ఉన్న ఇల్లు కాబట్టి కరెంటు లేకుండా వెచ్చగా ఉండే గది ఒకటి ఆలోచించి పెట్టుకోండి.

వాగుగట్టు:

తూర్పుగుమ్మం గారూ, నేను సివిల్ ఇంజనీర్ని. కొత్త కాలనీల డ్రైనేజీ ప్లాన్లను ఒక సిటీ తరఫున పరిశీలించడం నా ఉద్యోగం. రోజంతా ఈ మ్యాపులతోనే గడుస్తుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీవారు చూసిన రేటింగ్ సరైనదే, రియల్టర్ చెప్పిన జోన్ కూడా సరైనదే అయుండొచ్చు. కాకపోతే ఆ రెండింటిలోనూ మీ ఇల్లు ఎక్కడా లేదు.

ముందు ఆ ఇండెక్స్ సంగతి. 18 రకాల విపత్తుల వల్ల ఒక కౌంటీకి ఏటా సగటున ఎంత నష్టం రావచ్చో డాలర్లలో అంచనా కడతారు. అక్కడి జనంలో తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళు ఎక్కువైతే ఆ అంకె పెరుగుతుంది, ఊరికి కోలుకునే శక్తి ఉంటే తగ్గుతుంది. ఆ తర్వాత దేశంలోని మిగతా కౌంటీలతో పోల్చి స్థానం ఇస్తారు. లెక్క డాలర్లలో కాబట్టి ఖరీదైన ఇళ్ళు ఎక్కువున్న చోట అంకె దానంతటదే పెద్దదవుతుంది. మన కౌంటీ జనాభా 2010లో 7.82 లక్షలు, 2020కి 10.64 లక్షలు. అదే వడగళ్ళ వాన పశ్చిమ టెక్సస్‌లో ఖాళీ గడ్డి భూముల మీద కురిస్తే దాదాపు ఏ నష్టమూ లేదు. ఫ్రిస్కోలో కురిస్తే వేల పైకప్పులు మార్చాలి. మబ్బులో తేడా లేదు, కింద ఉన్న ఆస్తిలో ఉంది. అందుకే అందులో 'రేటు' అని విడిగా ఇచ్చే అంకె కూడా చూడమంటాను. ఉన్న ఆస్తితో పోలిస్తే నష్టం ఎంత అన్నది అక్కడ కనిపిస్తుంది. డబ్బు, మనుషులు ఎక్కడ పెట్టాలో ప్రభుత్వాలు తేల్చుకోవడానికి ఆ ఇండెక్స్ బాగా పనికొస్తుంది. రెండు వీధుల మధ్య తేడా మాత్రం అది చెప్పలేదు.

నేనైతే విపత్తులను రెండు కుప్పలుగా విడగొడతాను. ఇల్లు ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి మారేవి ఒకటి: వరద, డ్యామ్, నేల. కౌంటీలో ఎక్కడున్నా దాదాపు ఒకే స్థాయిలో ఉండేవి రెండోది: టోర్నడో, వడగళ్ళు, చలి. మొదటి కుప్ప కోసం స్థలం ఎంచుకోవాలి. రెండో కుప్ప కోసం ప్లానోలో కొనాలా ప్రాస్పర్‌లో కొనాలా అని తల బద్దలు కొట్టుకోవడం దండగ. ఇంటి కట్టడం, పాలసీ, ఇంట్లో దాక్కునే చోటు చూసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. టోర్నడో భయంతో ఊరు మారుస్తారు, వాగు పక్క ఇంటికి మాత్రం 'వ్యూ' బాగుందని లాట్ ప్రీమియం ఎక్కువిచ్చి మరీ కొంటారు.

మీ ఇంటికి ముఖ్యమైనది వాగే. ఫెమా మ్యాప్ సర్వీస్ సెంటర్‌లో అడ్రస్ కొడితే మ్యాపు వస్తుంది. ఏఈ అంటే ఏ ఏడాదైనా వరద వచ్చే అవకాశం 1 శాతమైనా ఉన్న చోటు. దీన్నే అందరూ వందేళ్ళ వరద అంటారు, ఆ మాట విని వందేళ్ళకోసారే కదా అని ధీమాగా ఉంటారు. ఏటా 1 శాతం చొప్పున ముప్పై ఏళ్ళ అప్పు కాలానికి లెక్క కట్టి చూడండి, 26 శాతం అవుతుంది. జోన్ ఎక్స్‌లోనూ రెండు రకాలున్నాయి. నీడ వేసి చూపించిన ఎక్స్ అంటే 1 శాతం గీతకీ 0.2 శాతం గీతకీ మధ్యన ఉన్న చోటు. నీడ లేనిది దానికి కూడా బయట. రియల్టర్ 'ఎక్స్' అన్నారంటే ఏ ఎక్సో అడగండి. గీతకు పది అడుగులు బయట ఉన్న ఇంటికీ మైలు దూరంలో ఉన్న ఇంటికీ కాగితం మీద ఒకే అక్షరం ఉంటుంది.

మ్యాపు మీద తేదీ తప్పకుండా చూడండి. ఆ తేదీ తర్వాత ఎగువన ఎన్ని కాలనీలు, పార్కింగ్ లాట్లు వచ్చాయో మీకే తెలుస్తుంది. ఒకప్పుడు గడ్డి నేల తాగేసిన వాన ఇప్పుడు రోడ్ల మీదుగా నేరుగా వాగులోకి వస్తుంది. కొత్త కాలనీలు డిటెన్షన్ పాండ్లు (వాన నీటిని ఆపి మెల్లగా వదిలే కుంటలు) కట్టాలి, కడుతున్నారు కూడా. వాటిలో పూడిక తీసే బాధ్యత చాలాచోట్ల కాలనీ ఇంటి యజమానుల సంఘానిది (హెచ్ఓఏ). హెచ్ఓఏ బడ్జెట్‌లో ఆ పద్దు ఉందో లేదో అడిగి కాగితం తెప్పించుకోండి. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. కట్టిన ఏడాది పాండ్ బాగుంటుంది, తర్వాత దాని గొట్టం నోటికి గడ్డి, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడి ఉన్నా పట్టించుకునే నాథుడుండడు.

ఇంకోటి, ఆ స్థలం మీద మట్టి పోసి ఎత్తు చేసి జోన్ మార్పించారేమో చూడండి. దానికి ఫెమా ఇచ్చే ఉత్తరం రికార్డులో ఉంటుంది, అదే మ్యాపు పేజీలో దొరుకుతుంది. మట్టి పోయడం నేరమేం కాదు. కానీ ఇల్లు ఎత్తులో ఉన్నా రోడ్డు పల్లంలోనే ఉండిపోయి ఉండొచ్చు. వాన రాత్రి అత్తయ్యగారికి అంబులెన్స్ అవసరమైతే అది ఏ కల్వర్టు దాటి రావాలో కారులో వెళ్ళి ఒకసారి చూసి రండి.

హ్యూస్టన్ వాళ్ళకు 2017లో హార్వీ హరికేన్ సమయంలో జరిగింది ఇక్కడి వాళ్ళూ తెలుసుకోవాలి. బార్కర్ రిజర్వాయర్ ఎగువన ఫోర్ట్ బెండ్ కౌంటీలో నీళ్ళు చొరబడిన ఇళ్ళలో చాలావాటికి ఫెమా మ్యాపులో వరద జోన్ లేదు. వాళ్ళ ఇళ్ళు ఉన్నది రిజర్వాయర్ నిండితే నీళ్ళు నిలిచే చోట. అది వేరే లెక్క, వేరే గీత. మనకు లావన్ చెరువు ఉంది. మామూలు మట్టం సముద్ర మట్టానికి 492 అడుగులు, వరద నీటిని 503.5 అడుగుల దాకా నిలుపుతారు. మీ విల్సన్ క్రీక్ చేరేది కూడా అందులోకే. చెరువు దగ్గర కొనేవాళ్ళు ఇంటి ఎత్తును ఈ అంకెలతో పోల్చి చూసుకోవాలి. హార్వీ తర్వాత టెక్సస్ చట్టం మార్చింది. 2019 సెప్టెంబర్ నుంచి అమ్మేవాళ్ళు డిస్‌క్లోజర్‌లో (ఇంటి సంగతులు రాసిచ్చే కాగితంలో) ఇల్లు ఏ వరద జోన్‌లో ఉంది, రిజర్వాయర్ వరద మట్టం లోపల ఉందా, ఇదివరకు నీళ్ళు వచ్చాయా అన్నవి చెప్పి తీరాలి. ఆ పేజీ మీ ఏజెంట్ చదివారని వదిలేయకండి. మీరే చదవండి.

పెద్ద చెరువు సరే, ఈ కౌంటీలో పొలాల మధ్య వరద ఆపడానికి ఎప్పుడో కట్టిన చిన్న మట్టి కట్టలు చాలా ఉన్నాయి. అప్పుడు కింద గొడ్లు మేసేవి, ఇప్పుడు ఇళ్ళు వచ్చాయి. నేషనల్ ఇన్వెంటరీ ఆఫ్ డ్యామ్స్‌లో మ్యాపు తెరిచి మీ వాగుకు ఎగువన ఏమున్నాయో చూడండి. 'హై హజార్డ్' అని కనిపిస్తే కట్ట బలహీనంగా ఉందని హడలిపోవద్దు. తెగితే కింద ప్రాణనష్టం ఉంటుందని మాత్రమే దానర్థం. కట్ట ఎలా ఉంది అన్నది కండిషన్ అని విడిగా ఇస్తారు.

నేల గురించి రెండు మాటలు. మనది అచ్చం నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, దాంతోపాటు పునాది కదులుతుంది. హోమ్ ఇన్సూరెన్స్ మామూలుగా దీన్ని కవర్ చేయదు. కరువు ఏడాదిలో ఇది నిశ్శబ్దంగా వేల డాలర్లు మింగుతుంది. మామూలు ఇన్‌స్పెక్షన్‌తో సరిపెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో పునాది ఎత్తులు కొలిపించండి.

ఇక మీ అసలు టెన్షన్. 2015 డిసెంబర్ 26 రాత్రి గార్లండ్, రౌలెట్ మీదుగా ఈఎఫ్-4 (తీవ్రత కొలతలో పైనుంచి రెండోది) టోర్నడో వెళ్ళింది. అదే సాయంత్రం మన కౌంటీలో కోప్‌విల్ దగ్గర ఇంకో టోర్నడో ప్రాణాలు తీసింది. పండగ మర్నాడు, చలికాలంలో, చీకట్లో. అంచేత ఏప్రిల్, మే నెలల్లోనే జాగ్రత్త అనుకోవద్దు. బయట మోగే సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి, గాఢ నిద్రలో ఉన్నవాళ్ళకు వినపడతాయన్న భరోసా లేదు. బ్యాటరీ ఉన్న వెదర్ రేడియో ఒకటి కొని అత్తయ్యగారి గదిలో పెట్టండి. అందులో కాలిన్ కౌంటీ కోడ్ 048085 కొడితే వేరే కౌంటీల హెచ్చరికలకు అర్ధరాత్రి లేపదు.

ఇక్కడి ఇళ్ళకు బేస్‌మెంట్లు దాదాపు ఉండవు. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు కింది అంతస్తులో, బయటి గోడలు తగలకుండా, కిటికీ లేని క్లోజెట్టో బాత్రూమో ఉందా, ఆవిడ పడకగది నుంచి మెట్లెక్కకుండా, దిగకుండా అక్కడికి చేరగలరా అన్నది చూడండి. గ్యారేజీ నేలలో పాతే షెల్టర్లు అమ్ముతారు, కానీ నిటారు మెట్లు దిగాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అది కుదరదు. నేల మీదే నిలబెట్టే సేఫ్ రూమ్ మంచిది. ఫెమా ప్రమాణానికి కట్టినది గంటకు 250 మైళ్ళ గాలిని తట్టుకోవాలి. కుర్చీ పట్టేంత తలుపు ఉన్నది అడగండి.

వైలీవాసి:

వాగుగట్టు గారు చెప్పినవాటికి వడగళ్ళ సంగతి కలుపుతాను. 2016 ఏప్రిల్ 11న మా వైలీలో సాఫ్ట్‌బాల్ సైజువి పడ్డాయి. కప్పును చీల్చుకుని ఇంట్లోకి దిగాయి. ఆ తర్వాత వీధంతా నీలం టార్పాలిన్లు.

పాలసీలో మీరు చూడాల్సింది ప్రీమియం కన్నా ముందు 'విండ్ అండ్ హెయిల్ డిడక్టబుల్'. అది ఎక్కువగా డాలర్లలో ఉండదు, శాతంలో ఉంటుంది, అదీ నష్టంలో శాతం కాదు, ఇంటి కవరేజీలో శాతం. ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజీ, 2 శాతం డిడక్టబుల్ అయితే మొదటి 10,000 డాలర్లు మీ జేబులోంచే. ఆ డబ్బు పక్కన పెట్టుకుని తీరాలి. రెండోది, కప్పుకు కొత్త కప్పు ఖరీదు ఇస్తారా, వయసు తగ్గించి ఇస్తారా? తగ్గించేదైతే పదిహేనేళ్ళ షింగిల్స్‌కి చేతికొచ్చేది చాలా తక్కువ. ప్రీమియం తక్కువ అని మురిసిపోతే దెబ్బ తగిలేది ఇక్కడే.

అమ్మేవాళ్ళను క్లూ రిపోర్ట్ అడగండి. ఆ ఇంటి మీద గత ఏడేళ్ళలో చేసిన క్లెయిములు అందులో వస్తాయి. కప్పు మార్చాల్సివస్తే క్లాస్ 4 షింగిల్స్ వేయించండి. రెండంగుళాల ఇనుప గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వేసినా పగలకపోతేనే ఆ క్లాస్ ఇస్తారు. ఇన్సూరెన్స్‌లో తగ్గింపు కూడా ఉంటుంది. వాన వెలిసిన గంటలో తలుపు తట్టి "డిడక్టబుల్ మేమే భరిస్తాం" అనేవాళ్ళను మాత్రం గుమ్మంలోనే పంపించేయండి. టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం.

తూర్పుగుమ్మం:

వాగుగట్టు గారూ, వైలీవాసి గారూ, ఫ్రిస్కో_నాన్న గారూ, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఇద్దరం కూర్చుని మ్యాపు తీశాం. ఇల్లు నీడ ఉన్న ఎక్స్‌లో ఉంది. ఏఈ గీత పెరట్లోకి వచ్చి, కంచెకీ ప్యాటియోకీ మధ్యలో ఆగింది. ఎగువన రెండు చిన్న డ్యాములు కనిపించాయి, ఒకటి హై హజార్డ్. కింద మాస్టర్ బెడ్‌రూమ్ పక్కన కిటికీ లేని క్లోజెట్ ఉంది, అత్తయ్యగారి గది నుంచి నాలుగడుగులు. ఇల్లు వదిలేయాలా, ముందుకెళ్ళాలా? లెండర్ కూడా ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదంటున్నారు.

వాగుగట్టు:

లెండర్ నిబంధన ఇంటి కట్టడాన్ని బట్టి, పెరటిని బట్టి కాదు. అందుకే తప్పనిసరి కాదన్నారు. కానీ గీత ప్యాటియో దాకా వచ్చిందంటే నా ఇల్లయితే పాలసీ లేకుండా ఒక్క రాత్రి కూడా ఉండను. హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి పైసా ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీలో ఇంటికి 2.5 లక్షల డాలర్లు, సామానుకు లక్ష డాలర్ల దాకా వస్తుంది. మీ ఇంటి ఖరీదు అంతకంటే ఎక్కువైతే పైన ప్రైవేటు పాలసీ రేటు కూడా కనుక్కోండి.

వదిలేయాలా అంటే, ఇంకా ఒక అంకె తెలియకుండా చెప్పలేను. ఎలివేషన్ సర్టిఫికెట్ (ఇంటి ఎత్తు కొలిచి ఇచ్చే కాగితం) అమ్మేవాళ్ళ దగ్గరుందేమో అడగండి. సిటీ ఫ్లడ్‌ప్లెయిన్ ఆఫీసులో కూడా కాపీ ఉండొచ్చు, లేకపోతే సర్వేయర్‌తో కొలిపించండి. కింది అంతస్తు నేల ఎత్తులోంచి అక్కడి వందేళ్ళ వరద మట్టం ఎత్తు తీసేయండి. రెండడుగులు, అంతకుమించి తేడా ఉంటే నేను కొంటాను. ఆరంగుళాలైతే తూర్పు ముఖమైనా సరే వద్దంటాను. మధ్యలో ఉంటే ధర తగ్గించమని అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. ఆ సర్టిఫికెట్ ఫ్లడ్ ప్రీమియం తగ్గడానికి కూడా పనికి రావచ్చు, ఖర్చు వృథా పోదు. హై హజార్డ్ డ్యామ్ కండిషన్ ఏమిటో కూడా చూసి ఇక్కడ పెట్టండి.

ఇవన్నీ ఆప్షన్ పీరియడ్‌లోనే (ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే వీలున్న రోజుల్లోనే) అయిపోవాలి, సర్వేయర్‌కి ఇవాళే ఫోన్ చేయండి. ఫ్లడ్ పాలసీ క్లోజింగ్‌తో (ఇల్లు మీ పేరున మారే రోజుతో) పాటే తీసుకోండి. లోన్ కోసం అప్పుడే తీసుకుంటే ఆ రోజు నుంచే అమల్లోకి వస్తుంది. తర్వాత తీరిగ్గా తీసుకుందాం అనుకుంటే 30 రోజులు ఆగాలి.